రెడ్‌వుడ్ అడవికి వెళ్లే మన పెద్దల కోసం

సంపాదకుడు గారికి నమస్కారం.

ఎండలు ముదరగానే అమలాపురం, భీమవరం, నరసాపురం, కాకినాడల నుంచి కాలిఫోర్నియాలోని పిల్లల దగ్గరకు బయలుదేరే తల్లిదండ్రులు మన ప్రాంతంలో ప్రతి వీధిలోనూ ఉంటారు. అక్కడికి చేరాక పిల్లలు చూపించే వాటిలో గోల్డెన్ గేట్ వంతెన తర్వాత వచ్చే పేరు మ్యూర్ వుడ్స్. వంతెన దాటి ఉత్తరంగా 20 కిలోమీటర్ల లోపే ఉన్న ముదురు అడవి అది, రెడ్‌వుడ్ అనే ఆకాశమంత ఎత్తు చెట్లది. బుకింగ్ లేక గేటు దగ్గర నుంచే వెనక్కి మళ్లేవాళ్లు, లోపలికి వెళ్లినా చలికి తట్టుకోలేక నాలుగు ఫొటోలు తీసుకుని అరగంటలో బయటపడేవాళ్లు ఎక్కువ. ఆ అడవిని అలా చూసి వస్తే చూసినట్టు కాదు. ముందుగా ఏర్పాట్లు చేసుకుని, బాట దిగకుండా, మాట తగ్గించి నడిచినవాళ్లకే అది దక్కుతుంది. అందుకు కావలసిన వివరాలు మీ పాఠకుల కోసం రాస్తున్నాను. పిల్లలు ఉద్యోగాల హడావిడిలో చూసుకోలేకపోయినా పెద్దలు అడిగి చేయించుకోవచ్చు.

అన్నిటికంటే ముందు బుకింగ్. 2018 జనవరి నుంచి అక్కడ కారు నిలపాలన్నా, షటిల్ బస్సు ఎక్కాలన్నా ఆన్‌లైన్‌లో ముందే స్థలం తీసుకోవాలి. గేటు దగ్గర డబ్బు కట్టి కారు పెట్టుకోవడం కుదరదు, రోడ్డు పక్కన ఆపనివ్వరు. బుకింగ్ 90 రోజుల ముందు తెరుస్తారు. శని ఆదివారాల పొద్దుటి వేళలు ముందుగా నిండిపోతాయి కాబట్టి విమానం టికెట్ తీసుకున్న వారంలోనే ఇదీ చూసుకోవడం మంచిది. కారుకు ఇచ్చే వేళ అరగంట. 9 గంటలకు తీసుకుంటే 9 నుంచి 9.30 లోపు చేరాలి. చేరిన తర్వాత మూసేవరకూ ఎంతసేపున్నా ఎవరూ అడగరు. ఫ్రీమాంట్, సన్నీవేల్ వైపు నుంచి వచ్చేవాళ్లకు మామూలుగానే గంటన్నర ప్రయాణం, శనివారం వంతెన దగ్గర ఇంకా ఆలస్యమవుతుంది. ఒక గంట చేతిలో ఉంచుకుని బయలుదేరాలి. వీలైతే మంగళ, బుధవారాల్లో పొద్దున్నే వెళ్లండి. గేటు ఉదయం 8 గంటలకు తీస్తారు. మొదటి గంటలో ఉన్న అడవి వేరు, పదకొండింటికి ఉన్న అడవి వేరు.

ఇంత కట్టుబాటు ఎందుకని విసుక్కునేవాళ్లకు కారణం చెప్పాలి. బుకింగ్ లేని రోజుల్లో ఏడాదికి పది లక్షల మందికి పైగా వచ్చేవారు. లోపల చోటు చాలక కార్లు రోడ్డు అంచున బారులు తీరేవి. చక్రాల కింద నలిగిన మట్టి వానకు కొట్టుకుపోయి పక్కనున్న రెడ్‌వుడ్ క్రీక్ వాగులో చేరేది. ఆ వాగులో కోహో సాల్మన్ అనే చేప సముద్రం నుంచి ఎదురీది వచ్చి గులకరాళ్ల మధ్య గుడ్లు పెడుతుంది. రాళ్ల సందుల్లో ఒండ్రు పేరుకుంటే గుడ్లకు గాలి అందదు. పులస కోసం గోదావరికి ఎర్రనీరు ఎప్పుడొస్తుందా అని చూసే మనకు, ఎదురీదే చేపకు నది ఎలా ఉండాలో విడమరిచి చెప్పనక్కరలేదు.

కారు బుకింగ్‌లో ప్రవేశ టికెట్ కలిసి ఉండదు. 16 ఏళ్లు, ఆపైన ఉన్న ప్రతి ఒక్కరికీ టికెట్ విడిగా తీసుకోవాలి. కొన్నేళ్లుగా అది 15 డాలర్లు. అంతకంటే చిన్న పిల్లలకు లేదు. రుసుములు మారుతుంటాయి కనుక బుక్ చేసే రోజున సరిచూసుకోండి. ఇక్కడ మన పెద్దలు పొరబడేది ఒకటుంది. 62 ఏళ్లు దాటినవారికి జాతీయ పార్కుల సీనియర్ పాస్ ఉంటుందని విని తమకూ వస్తుందనుకుంటారు. అది అమెరికా పౌరులకు, అక్కడ శాశ్వత నివాసం ఉన్నవారికి మాత్రమే. విజిటర్ వీసా మీద వెళ్లినవారికి వర్తించదు. పిల్లల దగ్గర వార్షిక పాస్ ఉంటే అది మ్యూర్ వుడ్స్‌లోనూ చెల్లుతుంది, ఎంతమందికి చెల్లుతుందో ముందే చూసుకోవాలి.

అడవిలో ఫోన్ సిగ్నల్ లేదు, వైఫై లేదు. దారిలో చివరి మలుపుల నుంచే సిగ్నల్ పోతుంది. బుకింగ్, టికెట్, మ్యాపు ఇంట్లో ఉండగానే ఫోన్‌లోకి దించుకోవాలి. గేటు దగ్గర నిలబడి మెయిల్ తెరుచుకోవాలంటే తెరుచుకోదు. క్యాబ్‌లో వెళ్తే తిరుగు క్యాబ్ పిలిచే మార్గం ఉండదు. రెండు కార్లలో వెళ్లే కుటుంబాలు ఎక్కడ కలవాలో, ఎన్నింటికి కలవాలో ముందే అనుకోవాలి. షటిల్ బస్సు లార్క్‌స్పర్ ల్యాండింగ్ దగ్గర ఎక్కాలి. అది అన్ని రోజులూ నడవదు, కాబట్టి రోజులూ చివరి బస్సు వేళా రాసుకుని పెట్టుకోండి.

కొండ దారి. మన లంకల్లో, కాలవ గట్ల మీద తిన్నగా వెళ్లే రోడ్లకు అలవాటైన ఒంటికి ఆ మెలికలు కష్టమే. కడుపు నిండా పెసరట్టు ఉప్మా తిని ఎక్కితే దారిలోనే ఆపాల్సి వస్తుంది. తల తిరిగేవాళ్లు ముందు సీటులో కూర్చోవాలి, ఫోన్ చూడకూడదు, మాత్ర వేసుకునేవాళ్లు బయలుదేరే ముందే వేసుకోవాలి.

రోహిణి కార్తె ఎండ తిని వెళ్లిన మనిషి జూన్, జూలై అంటే అక్కడా వేసవే కదా అని నూలు చీర, చెప్పులతో దిగిపోతారు. ఆ అడవిలో ఏడాది పొడవునా ఉష్ణోగ్రత దాదాపు 4 నుంచి 21 డిగ్రీల సెల్సియస్ మధ్యే ఉంటుంది. ఎండ నేల మీద పడేది తక్కువ, గాలి తేమగా ఉంటుంది. శాన్‌ఫ్రాన్సిస్కో తీరంలో పొగమంచు దట్టంగా కమ్మేది వేసవిలోనే. స్వెటరు, దాని మీద గాలి ఆపే జాకెట్, చెవులు కప్పే టోపీ, మేజోళ్లు, పట్టు ఉన్న బూట్లు కావాలి. చెక్క బాట తడిసి ఉంటుంది, రబ్బరు చెప్పులు జారతాయి.

తిండి గురించి గట్టిగానే చెప్పాలి. మనకు అడవి అంటే కార్తీక వనభోజనం. పులిహోర, పూర్ణాలు డబ్బాల్లో పెట్టుకుని బయలుదేరడం మన ప్రేమ. అక్కడ బాట మీద మంచినీళ్లు తప్ప ఏదీ తినకూడదు, కూర్చుని భోంచేసే వీలు అడవిలో లేదు. గేటు దగ్గర చిన్న కెఫే ఉంది. రాలిన మెతుకు కోసం కాకులు, జే అనే పక్షులు చేరతాయి. అవే కాకులు అక్కడి చిన్న పక్షుల గూళ్లలో గుడ్లు, పిల్లలను తినేస్తాయి. మన పులిహోర మెతుకుకూ ఒక గూడు ఖాళీ కావడానికీ మధ్య ఉన్న దూరం అంతే. షుగరు ఉన్నవాళ్లు దిగే ముందు కారులోనే తినేసి, మాత్రలు జేబులో పెట్టుకుని నడవాలి. మరుగుదొడ్లు ప్రవేశ ద్వారం దగ్గరే. ముందే వెళ్లి రావాలి.

ఇక నడక. వాగుకు ఇరువైపులా సమంగా ఉండే బాట, మధ్యలో నాలుగు వంతెనలు. రెండో వంతెన దాకా వెళ్లి అవతలి ఒడ్డున తిరిగి వస్తే అరగంట. మూడో వంతెన అయితే గంట. నాలుగో వంతెన గంటన్నర, మొత్తం రెండు మైళ్లు. మోకాళ్ల నొప్పులున్నవాళ్లు మూడో వంతెన పెట్టుకుంటే చాలు, కూర్చోవడానికి బల్లలున్నాయి. చక్రాల కుర్చీ కూడా ఈ కింది బాటలో వెళ్తుంది. కొండ అంచున వెళ్లే హిల్‌సైడ్ బాట మట్టిది, ఎగుడుదిగుడు. తోడు లేకుండా పెద్దవాళ్లు అటు వెళ్లవద్దు.

ప్రవేశం దగ్గరలో ఒక పెద్ద చెట్టు అడ్డుకోత నిలబెట్టి ఉంటుంది. చాలామంది దాన్ని దాటి వెళ్లిపోతారు. ఆగండి. ఆ చెట్టు 909లో మొలిచి 1930లో కూలింది. వలయాల మీద ఏళ్ల వారీగా గుర్తులు పెట్టారు. ఆ గుర్తులన్నీ యూరప్, అమెరికా చరిత్రవి. పక్కన మనవడు ఉంటే మన చరిత్ర మనం చెప్పాలి. 909లో వేంగిని ఏలుతున్నవాడు ద్రాక్షారామం గుడి కట్టించిన చాళుక్య భీముడు. 1066 అని రాసిన గుర్తుకు కాస్త లోపల, రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడి కొలువులో నన్నయ భారతం రాస్తున్న వలయాలు ఉన్నాయి. 1215కు ఇంకా బయటకు వస్తే ఓరుగల్లులో రుద్రమదేవి. అమెరికాలో పుట్టి పెరుగుతున్న పిల్లవాడికి ద్రాక్షారామం ఎంత పాతదో ఇంతకంటే తేలికగా చూపించే చోటు మరొకటి దొరకదు. ఇప్పుడు నిలబడి ఉన్న చెట్లలో ఎక్కువ భాగం 600 నుంచి 800 ఏళ్లవి. అన్నిటికంటే పాతదానికి కనీసం 1,200 ఏళ్లు.

ఎత్తు సంగతి. అక్కడి అత్యంత ఎత్తైన చెట్టు 258 అడుగులు. కోనసీమలో బాగా ముదిరిన దేశవాళీ కొబ్బరి చెట్లు మూడు ఒకదాని నెత్తిన ఒకటి నిలబెడితే ఆ కొన దగ్గరకు వెళ్తుంది. ఇంత చెట్టుకు తల్లివేరు లేదు. వేళ్లు 10, 12 అడుగుల లోతుకు మించి దిగవు, అడ్డంగా 100 అడుగుల దాకా పాకుతాయి. పక్క చెట్ల వేళ్లతో పెనవేసుకుని ఒకదాన్నొకటి గాలికి నిలబెడతాయి. అంటే మీరు బాట దిగి మెత్తటి ఆకుల మీద నిలబడి ఫొటో తీయించుకుంటున్న చోటు చెట్టు కాళ్ల మీదే. వేలాది అడుగులు పడితే మట్టి గట్టిపడుతుంది, నీరూ గాలీ ఇంకవు, పైపై వేళ్లు ఎండుతాయి. తారు బాట తీసేసి నేలకు ఎత్తుగా చెక్క బాట వేసింది దీనికోసమే. బాట దిగితే మనకూ చేటే. పాయిజన్ ఓక్ అనే మూడాకుల పొద ఉంటుంది. తగిలితే వారాల తరబడి దురద, పొక్కులు.

బెరడు ఒక అడుగు మందం వరకూ ఉంటుంది. అందులోని టానిన్ అనే వగరు పదార్థం వల్ల చెద, పురుగు చేరవు, మామూలు నిప్పు లోపలికి దిగదు. మొదలు దగ్గర నల్లగా కాలి గుహల్లా తొలిచినట్టున్న చెట్లు పచ్చగా బతికి ఉండటం చూస్తారు. 2020 ఆగస్టులో శాంటాక్రూజ్ కొండల్లోని బిగ్ బేసిన్ పార్కు దాదాపు మొత్తం కాలిపోయింది. ఆ చెట్ల మాను పొడుగునా బెరడు కింద నిద్రపోతున్న మొగ్గల నుంచి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. మొదలు చుట్టూ ఉబ్బిన బుడిపెల నుంచి కూడా పిలకలు లేస్తాయి. తల్లి చెట్టు పోయాక దాని పిలకలే గుండ్రంగా నిలబడి వలయాలు కడతాయి. బాట పక్కన ఇలాంటి వలయాలు చాలా ఉన్నాయి, మధ్యలో ఖాళీ ఉన్న చోట వెతికితే కనిపిస్తాయి.

నీటి లెక్క మనకు పూర్తిగా తిరగబడి ఉంటుంది. మన దగ్గర వేసవి దాటగానే నైరుతి వస్తుంది. అక్కడ వానలు చలికాలంలో, వేసవి పొడి. ఆ నెలల్లో చెట్టును కాపాడేది పొగమంచు. సన్నటి ఆకుల మీద మంచు పేరుకుని చినుకులుగా నేలకు రాలుతుంది, ఆకులు కూడా నేరుగా తేమ పీల్చుకుంటాయి. తీరంలో రెడ్‌వుడ్ ఏడాదిలో తాగే నీటిలో మూడో వంతు దాకా ఇలా వచ్చేదే. కాబట్టి మంచు కమ్మిన పొద్దున చేరితే రోజు పాడైందనుకోవద్దు. ఆ చెట్లకు అది భోజన వేళ. సాల్మన్ చేపలు చూడాలంటే చలికాలం వానలు పడ్డాక, డిసెంబరు, జనవరిలో వెళ్లాలి. సంఖ్య బాగా తగ్గిపోయింది, కనిపిస్తుందన్న హామీ లేదు.

ఇప్పుడు నిశ్శబ్దం. మూడు, నాలుగు వంతెనల మధ్య కెథెడ్రల్ గ్రోవ్ ఉంది. నిశ్శబ్దంగా ప్రవేశించండి అని బోర్డు ఉంటుంది. 1945 మే 19న, ఐక్యరాజ్యసమితి స్థాపన సభకు వచ్చిన ప్రతినిధులు అంతకు నెల ముందు మరణించిన ఫ్రాంక్లిన్ రూజ్‌వెల్ట్‌ను తలుచుకోవడానికి చేరింది ఇక్కడే. బోర్డు పెట్టినప్పుడు, పెట్టనప్పుడు శబ్దం ఎంతుందో అక్కడి పరిశోధకులు కొలిచి చూశారు. బోర్డు ఉంటే జనం నిజంగానే మాట తగ్గించారు. మనవాళ్లలో కొందరు ఇక్కడ పక్షులే లేవు, ఏముంది చూడటానికి అంటారు. టానిన్ వల్ల పురుగులు తక్కువ, పురుగులు తక్కువ కనుక పక్షులూ తక్కువ. ఉన్న కొద్ది పక్షుల కూత, పిట్టంత రెన్ పక్షి పాట, వాగు చప్పుడు వినాలంటే పది నిమిషాలు బల్ల మీద కూర్చుని ఊరుకోవాలి. ఆలయంలో గర్భగుడి ముందు గొంతు తగ్గించడం మనకు పుట్టుకతో వచ్చిన మర్యాదే, అదే ఇక్కడా పాటిస్తే సరిపోతుంది. ఫోన్‌లో దాచుకున్న పాటలు స్పీకర్లో పెట్టవద్దు. ఎక్కడైనా బనానా స్లగ్ అనే పసుపురంగు గుల్లలేని నత్త కనిపిస్తే చూడండి, ముట్టవద్దు.

ఈ చెట్లు మిగలడం దానంతటది జరగలేదు. 1850 తర్వాత బంగారం వేటకు వచ్చిన జనం ఇళ్ల కలప కోసం తీరమంతా నరికారు. ఒకప్పుడు 20 లక్షల ఎకరాలున్న ముదురు అడవిలో ఇవాళ మిగిలింది 5 శాతం. ఈ లోయకు చేరడం కష్టం కాబట్టి గొడ్డలి ఆలస్యమైంది. 1905లో విలియం కెంట్, ఆయన భార్య ఎలిజబెత్ 45,000 డాలర్లకు 611 ఎకరాలు కొన్నారు. 1907లో ఒక నీటి కంపెనీ వాగుకు ఆనకట్ట కట్టి లోయను ముంచడానికి కోర్టు ద్వారా భూమి తీసుకోబోయింది. కెంట్ దంపతులు 295 ఎకరాలు కేంద్ర ప్రభుత్వానికి రాసిచ్చారు. 1908 జనవరి 9న అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్ దాన్ని జాతీయ స్మారకంగా ప్రకటించాడు. తన పేరు పెడతామంటే కెంట్ వద్దని, అడవుల కోసం పోరాడిన జాన్ మ్యూర్ పేరు పెట్టించాడు. 1852లో పూర్తయిన ధవళేశ్వరం ఆనకట్ట మీద మూడు పంటలు తిన్న డెల్టా మనది, మనకు ఆనకట్ట అంటే అన్నం. అయినా అక్కడ ఆ ఆనకట్ట ఆగడమే న్యాయమని నా అభిప్రాయం. నీళ్లు ఇంకోచోట నిలుపుకోవచ్చు, వెయ్యేళ్ల చెట్టును ఇంకోచోట నాటుకోలేం.

నాటడం అంటే కడియం నర్సరీలు గుర్తొస్తాయి. మొక్క కనిపిస్తే చిన్న కొమ్మ విరిచి తెచ్చి అంటుకట్టాలన్న కోరిక మనవాళ్లకు సహజం. జాతీయ పార్కులో కాయ, ఆకు, బెరడు ముక్క, ఏదీ తీయకూడదు, నేరం. దుకాణాల్లో రెడ్‌వుడ్ మొక్కలు, గింజలు అమ్ముతారు. కొన్నంత మాత్రాన ఇండియాకు తేవచ్చని కాదు. 2003 నాటి మొక్కల దిగుమతి నిబంధనల ప్రకారం దిగుమతి అనుమతి, అక్కడి ప్రభుత్వం ఇచ్చే ఆరోగ్య ధ్రువపత్రం ఉండాలి, లేకపోతే విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. తెచ్చినా మే నెల రాజమండ్రి ఎండలో వేసవి మంచు లేకుండా ఆ మొక్క నిలవదు.

బుకింగ్ దొరకనివాళ్లకు ఇంకో మార్గం ఉంది. శాన్ హోసే వైపు ఉండేవారికి ఫెల్టన్ ఊరి పక్కనున్న హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్ పార్కు చేరువ. ముదురు చెట్ల మధ్య సమంగా ఉండే చుట్టుబాట 0.8 మైలే, పెద్దవాళ్లకు సుఖం. జనం కూడా తక్కువ. ప్రపంచంలోనే ఎత్తైన చెట్టు, 380 అడుగుల హైపీరియన్, చూడాలని మాత్రం పిల్లలను అడగవద్దు. ఉత్తరాన రెడ్‌వుడ్ జాతీయ పార్కులో ఉన్న దాని చోటు బయటపడ్డాక జనం తొక్కి మొదలు చుట్టూ నేలను బోడి చేశారు. 2022లో ఆ చోటు మూసేశారు. వెళ్తే 5,000 డాలర్ల దాకా జరిమానా, ఆరు నెలల వరకు జైలు.

ఇదంతా చదివి మన కోరంగి గుర్తుకు రానివారుండరు. 1978లో అభయారణ్యమైన ఈ మడ అడవి 235 చదరపు కిలోమీటర్లు. నీటిపిల్లి, నీటికుక్క ఉన్నాయి, అడవి మధ్య చెక్క బాట ఉంది. మడ చెట్ల శ్వాసవేళ్లు బురదలోంచి పైకి లేచి గాలి పీల్చుకుంటాయి. వాటి మీద అడుగు పడితే విరిగిపోతాయి, అక్కడా బాట దిగకూడదన్న కారణం ఇదే. తిల్ల చెట్టు కొమ్మ విరిస్తే కారే పాలు కంట్లో పడితే మండి చూపు మసకబారుతుంది. కార్తీక ఆదివారాల్లో స్పీకర్లు, ప్లాస్టిక్ పళ్లాలు, బాట మీద తోపులాట చూస్తూనే ఉన్నాం. కార్తీకంలోనూ సంక్రాంతికీ అరగంట వేళల బుకింగ్, బాటలో ఒక భాగానికి నిశ్శబ్దం బోర్డులు, తినడానికి గేటు బయట నీడలో బల్లలు పెట్టమని అటవీ అధికారులను మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. చూడటానికి వెళ్లేవాళ్లు పోటు వేళలు కనుక్కుని పాటు సమయంలో వెళ్లండి. అప్పుడే నీరు దిగి వేళ్లు, వాటి మధ్య ఎగిరే బురదచేపలు, ఎర్ర పీతలు బయటపడతాయి. అమావాస్య, పౌర్ణమి దగ్గర నీరు ఇంకా బాగా దిగుతుంది.

ఇట్లు,
వృక్షశాస్త్ర విశ్రాంత అధ్యాపకుడు,
అమలాపురం.